అప్‌డేట్: మాట ఆపగానే వచ్చే బుస్సుమనే శబ్దం తగ్గింది

షూర్ ఎస్ఎం7బి మైక్‌ని డీబీఎక్స్ 286ఎస్ (మైక్ సిగ్నల్‌ని పెంచి, సరిచేసే పెట్టె) మీదుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (గొంతుని కంప్యూటర్‌కి పంపే పెట్టె) కలిపితే, మాట ఆపిన ప్రతిసారీ వెనక బుస్సుమని శబ్దం పైకి లేస్తోందని అడిగాను కదా, సంగతి తేలింది. ఈ మైక్‌కి కనీసం 60 డీబీ (డెసిబెల్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచడం, కావాలి కాబట్టి దాన్ని ఇంకా పెంచే బూస్టర్ కొనమని కొందరన్నారు, అక్కర్లేకపోయింది. 286ఎస్ మీద ప్రాసెస్ బైపాస్ (సరిచేసే భాగాలన్నిటినీ పక్కనపెట్టే బటన్) నొక్కి వింటే బుస దాదాపు లేదు, అంటే గొడవంతా కంప్రెసర్ (గట్టి శబ్దాల్ని అణిచే భాగం) దగ్గరే. దాని డ్రైవ్ (ఎంత అణచాలో చెప్పే నాబ్) ఎక్కువుంటే గట్టి మాటలు అణిగిపోయి, మాట ఆగగానే ఫ్యాన్ గాలితో సహా గది మొత్తం పైకి వచ్చేస్తుంది.

మీలో ఒకరు చెప్పినట్టే డ్రైవ్ తగ్గించి, గట్టిగా మాట్లాడినా గెయిన్ రిడక్షన్ లైట్లు (ఎంత అణుగుతోందో చూపేవి) 6 డీబీ దాటకుండా పెట్టాను. తర్వాత ఎక్స్‌పాండర్ (మాట లేనప్పుడు శబ్దాన్ని తగ్గించే భాగం) థ్రెషోల్డ్‌ని, అంటే అది ఏ స్థాయి కింద పనిచేయాలో చెప్పే నాబ్‌ని, మెల్లగా పెంచుతూ, 'వచ్చాడు'లో చివరి 'డు' తెగిపోయే చోటు దాకా వెళ్లి, అక్కణ్ణించి కాస్త వెనక్కి తిప్పాను. దాని రేషియో (ఎంత గట్టిగా తగ్గించాలనేది) తక్కువే. 286ఎస్ అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌కే (అప్పటికే పెంచిన సిగ్నల్ కోసం ఉండేది) ఇవ్వండి, మైక్ ఇన్‌పుట్‌కి ఇస్తే ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) మీద ప్రీఆంప్ అవుతుంది.

ఎన్‌హాన్సర్ (గొంతుకి మెరుపు తెచ్చే భాగం) మాత్రం నాకు నచ్చలేదు, 'స', 'ష'లు చెవిలో గుచ్చుకుంటున్నాయి, దాన్ని సున్నాలో పెట్టేశాను. డీఎస్సర్ ('స' శబ్దాల పదును తగ్గించే భాగం) ఇంకా ముట్టుకోలేదు. ఏసీ నడుస్తుంటే 80 హెర్ట్జ్ బటన్ (లోతైన గుర్రుమనే శబ్దాన్ని తీసేసేది) నొక్కాల్సిందే.