పాత ఇండికాలో హీటర్ ప్లగ్గులు పట్టేశాయి, రెండు కదలడం లేదు

ప్రశ్న (ఆదిలాబాద్ నుంచి):
అన్నలూ, నాది 2006 టాటా ఇండికా డీజిల్ కారు, టర్బో లేనిది. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున బండి తీయాలంటేనే టెన్షన్. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, వెనక తెల్లపొగ వస్తుంది, ఐదారు సార్లు కొడితే గానీ అందుకోదు, అందుకున్నాక కూడా ఒక నిమిషం వణుకుతూనే ఉంటుంది. బ్యాటరీ కొత్తదే. చలిలో స్టార్ట్ కావడానికి ఇంజన్ లోపల వేడి పుట్టించే నాలుగు హీటర్ ప్లగ్గుల్లో 1, 4 ఊడి వచ్చాయి, 2, 3 అసలు కదలడం లేదు. మెకానిక్ పానాకు పైపు తగిలించి లాగుదామన్నాడు, నాకు భయమేసి ఊడిన రెండూ తిరిగి బిగించి బండి ఇంటికి తెచ్చుకున్నాను. విరిగితే హెడ్ (సిలిండర్ల మీది మూత భాగం) దించాలట. వారానికి రెండుసార్లు పొద్దున్నే అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, బండి పడుకుంటే కష్టం.

జవాబు:
తమ్ముడూ, పైపు వద్దనడం చాలా మంచి పని. లెక్క చూడు. 10 మి.మీ. దారం ఉన్న ప్లగ్గు సుమారు 35 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గర, 12 మి.మీ. అయితే 45 దగ్గర తెగే ప్రమాదం ఉందని తయారీవాళ్ల పట్టికల్లోనే ఉంటుంది. 35 అంటే అడుగు పొడవు పానా చివర 12 కిలోల బరువు పెట్టినట్టు. అదే పానాకు మూడడుగుల పైపు తగిలిస్తే నాలుగు కిలోలు చాలు, అంత తక్కువ బలం చేతికి తెలియనే తెలియదు, తెలిసేసరికి తల ఊడి చేతిలో ఉంటుంది. అందుకే ముందు ఊడిన ప్లగ్గు దారం వెర్నియర్‌తో కొలువు, ఒక టార్క్ రెంచ్ (ఎంత బలంతో తిప్పుతున్నామో చెప్పే పానా) అద్దెకో అరువుకో తెచ్చుకో, ఆ హద్దుకు ఓ ఐదు తక్కువగా పెట్టుకో. దాటకు.

ఇంకో మాట, ప్లగ్గుల పైన కరెంటు అందించే పట్టీ తీసి నాలుగింటినీ మల్టీమీటర్‌తో చూశావా? ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తే బాగున్నట్టు, ఏమీ చూపించకపోతే కాలిపోయినట్టు. డ్యాష్ మీద కాయిల్ లైటు వెలిగి ఆరినంత మాత్రాన ప్లగ్గులు పనిచేస్తున్నట్టు కాదు. పట్టీకి కరెంటు వస్తోందా, రిలే, ఫ్యూజు బాగున్నాయా అన్నది కూడా చూడు. ఆ పట్టేసిన రెండూ మంచివే అయితే వాటిని ముట్టుకోవలసిన పనే లేదు.

కాలిపోయినవైతే ఇలా చెయ్యి. చుట్టూ ఉన్న మట్టి బ్రష్‌తో, గాలితో పూర్తిగా తీసెయ్యి, లేకపోతే ప్లగ్గు వచ్చిన క్షణంలో అదంతా సిలిండర్‌లోకి పోతుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన దారాల్లోకి దిగే పల్చటి నూనె) రోజూ రాత్రి, ఇంజన్ చల్లారాక, ప్లగ్గు మొదలు దగ్గర నాలుగైదు చుక్కలు వెయ్యి. వేడి ఇంజన్ మీద స్ప్రే కొట్టకు, కాలుతున్న సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టం) మీద పడితే అంటుకుంటుంది. పొద్దున మామూలుగా బండి తిప్పు, వేడెక్కడం చల్లారడంతోనే ఆయిల్ లోపలికి దిగుతుంది. కనీసం వారం ఓపిక పట్టు. తిప్పేది మాత్రం ఇంజన్ బాగా వేడిగా ఉన్నప్పుడు, డీప్ సాకెట్ నిటారుగా కూర్చోబెట్టి. కిర్రుమని ఒక్క వెంట్రుకవాసి కదిలితే ఆపు, మళ్లీ బిగించే వైపు తిప్పు, ఆయిల్ వెయ్యి, మళ్లీ విప్పు. ఒకేసారి లాగేస్తే దారాల్లోని మసి ముద్దకట్టి హెడ్ దారాన్ని కోసేస్తుంది.

మరొకరు:
అంతవరకూ గాలి పైపులో ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునే ద్రవం) కొట్టి స్టార్ట్ చేసుకోండి బ్రదర్, మా దగ్గర పాత ట్రాక్టర్లకు అదే చేస్తాం.

జవాబు:
దయచేసి ఈ బండికి వద్దండీ. హీటర్ ప్లగ్గులు ఎర్రగా ఉన్నప్పుడు ఈథర్ వేళకాని వేళ మండుతుంది, పిస్టన్లు, రింగులు పోతాయి. తమ్ముడూ, 1, 4లో కొత్తవి వెయ్యి, రెండు పనిచేసినా తేడా తెలుస్తుంది. ఈ ఇంజన్లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లోని చిన్న గదిలో పడుతుంది, చలిలో ఆ గది గోడలే వేడినంతా లాగేస్తాయి, అందుకే దీనికి ప్లగ్గులు అంత ముఖ్యం.

ప్రశ్న (ఎనిమిది రోజుల తర్వాత):
అన్నా, 2, 3 రెండూ కాలిపోయినవే, మీటర్ ఏమీ చూపించలేదు. 1, 4 కొత్తవి వేశాక రెండో సెల్ఫ్‌కే అందుకుంటోంది. నిన్న 3వది వచ్చింది! ముప్పావుగంట పట్టింది, కొనకు తారు లాంటి నల్లటి పెచ్చు ఉంగరంలా పట్టుకుని ఉంది. 2వది తిరుగుతోంది కానీ పైకి రావడం లేదు. స్టార్ట్ చేస్తే దాని చుట్టూ ఆయిల్‌లో బుడగలు వస్తున్నాయి.

జవాబు:
బుడగలంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి, బయటికి వస్తోంది, దారం కదిలిందన్నమాట. పైకి రావడం లేదంటే కొన మసిలో ఇరుక్కుని ఉండాలి, లేదా ఉబ్బి ఉండాలి. కటింగ్ ప్లయర్‌తో పట్టి పీకకు, కొన విరిగి లోపల పడితే అప్పుడు నిజంగానే హెడ్ దించాలి. ఇప్పటికి తిరిగి బిగించి నడుపుకో, ఆస్పత్రి ట్రిప్పులు ఆపకు, మూడు ప్లగ్గులతో ఆదిలాబాద్ చలిలోనూ స్టార్ట్ అవుతుంది. ఇంకొన్నాళ్లు ఆయిల్ వెయ్యి. అప్పటికీ రాకపోతే హెడ్ మీదే ప్లగ్గు తీసే సరంజామా ఉన్న లేత్ షాపు వెతుకు, డ్రిల్లు పట్టుకుని నువ్వు మొదలుపెట్టకు.

ప్రశ్న:
వచ్చేసిందన్నా, పదకొండో రోజు, చెక్కుచెదరకుండా! కొన కొంచెం లావైంది. కొత్తది పెట్టేముందు కాపర్ గ్రీజు రాయనా?

జవాబు:
చాలా సంతోషం తమ్ముడూ. ముందు రంధ్రంలోని మసి తియ్యి, దానికి సరిపోయే రీమర్‌కు (రంధ్రం లోపల గీకే పనిముట్టు) గ్రీజు పూసి చేత్తో తిప్పితే మసి గ్రీజుకే అంటుకుని వస్తుంది. తర్వాత డీజిల్ రాకుండా పంపు స్టాప్ సోలినాయిడ్ (డీజిల్‌ను ఆపే కరెంటు వాల్వు) వైరు పీకి, ప్లగ్గు లేకుండానే రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టు, మిగిలిన పొడి బయటికి ఎగిరిపోతుంది, ముఖం మాత్రం దూరంగా పెట్టుకో. గ్రీజు వేడికి తట్టుకునేది, దారాల మీద పల్చగా రాస్తే చాలు, కొనకు, పైన కరెంటు తగిలే చోట అంటనివ్వకు. బిగింపు 10 మి.మీ.కి 15, 12 మి.మీ.కి 22 న్యూటన్ మీటర్లు. ముందు చేత్తోనే చివరిదాకా తిరగాలి, మధ్యలో ఆగితే బయటికి తీసి మళ్లీ శుభ్రం చెయ్యి.