లినో ప్రింటు: నలుపులో తెల్ల చుక్కలు, పూడుకుపోతున్న గీతలు

ప్రశ్న:
6×8 అంగుళాల లినో బ్లాకు (బొమ్మ చెక్కి, ఇంకు పూసి అచ్చు తీసే లినోలియం పలక), మందం 3.2 మి.మీ. ప్రెస్ లేదు, స్టీలు చెంచాతో రుద్దడమే. నీళ్ళతో కడిగితే పోయే ఆయిల్ ఇంకు, 250 జీఎస్ఎం (చదరపు మీటరుకి 250 గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ కాగితం, అంటే మందపాటి డ్రాయింగ్ కాగితం. నిండు నలుపు రావాల్సిన చోట ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు పడుతున్నాయి. ఇంకు పెంచితే చుక్కలు తగ్గుతున్నాయి గానీ సన్న గీతలు పూడుకుపోతున్నాయి. 12 కాపీలు కావాలి, రెండో బ్లాకుతో ఎరుపు కూడా. ఎక్కడ తేడా కొడుతోంది?

జవాబు:
ముందు కాగితం మార్చండి. 250 జీఎస్ఎం ప్రెస్ కిందకి వెళ్ళే సరుకు. చెంచా ఒత్తిడి దాని మందంలోనే ఇంకిపోతుంది, అందుకే చుక్కలు. చేత్తో రుద్దేటప్పుడు 60–90 జీఎస్ఎం, పొడుగు నార ఉన్న కాగితం మేలు. నేపాలీ లోక్తా (చేత్తో చేసిన కాగితం) అయితే నునుపు వైపు వాడండి. పైన బటర్ పేపరు వేసి చెంచా వెనక భాగంతో మధ్యనుంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుట్టండి. ఒక మూల ఎత్తి చూసుకోండి, రెండో చేయి కాగితం మీంచి కదలకూడదు.

ఇంకు గాజు పలక మీద పలచగా పరవండి. రోలర్ నుంచి సన్నగా ‘సుర్ర్’మని రావాలి. పచపచలాడినా, పైన నారింజ తొక్కలా గుంతలు కనిపించినా ఎక్కువైనట్టే. దట్టంగా ఒక్కసారి కాదు, దిశ మారుస్తూ నాలుగైదు పలచటి పూతలు. పూడిన గీతలకి ఇంకు పట్టించకుండానే న్యూస్‌ప్రింట్ మీద రెండు ప్రింట్లు తీయండి, అదే లాగేస్తుంది. ఎండలకి ఇంకు జారుగా అయితే చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ కలపండి.

250 కాగితమే కావాలంటే స్పాంజితో తడిపి, ప్లాస్టిక్‌లో చుట్టి రాత్రంతా ఉంచి వాడొచ్చు.

ఇంకో జవాబు:
ఒక్క రంగైతే తడపడం సరే. ఇక్కడ ఎరుపు కూడా ఉంది కదండీ! తడిసిన కాగితం సాగుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, రెండో రంగు సరైన చోట కూర్చోదు. పొడి పలచ కాగితమే ఖాయం చేసుకోండి.

అట్ట మీద బ్లాకు మందమే ఉన్న పట్టీలతో ‘ఎల్’ ఆకారంలో ఒక మూల అతికించండి, బ్లాకు దానికి ఆనాలి. కాగితం ఆనడానికి బయట ఇంకో మూల. రెండు బ్లాకులకీ అదే అట్ట, అదే మూల. ఎరుపు బ్లాకు మీదకి బొమ్మ ఎక్కించడానికి ట్రేసింగ్ తిప్పలు వద్దు: నల్ల బ్లాకు ప్రింటును కాగితం బదులు ప్లాస్టిక్ షీటు మీద తీసి, బ్లాకు మార్చి, తడి ఆరకముందే ఆ షీటునే అదే మూలకి ఆనించి రుద్దండి. బొమ్మ తిరగబడకుండా సరిగ్గా దిగుతుంది. పౌడరు చల్లి, తుడిచి, చెక్కండి.

ఎరుపు ముందు, నలుపు తర్వాత. 12 కావాలంటే ఎరుపు 16 తీయాలి, రెండు మూడు చెడిపోవడం మామూలే. కొత్త లినో మీద మొదటి రెండు ప్రింట్లు వెలిసినట్టే వస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. చెక్కకముందే 400 నంబరు ఎమిరీ కాగితంతో తేలిగ్గా రుద్ది తుడిస్తే ఆ బాధ తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు:
బ్లాకు కడగడం? నంబర్లు?

జవాబు:
వంటనూనె అద్దిన గుడ్డతో తుడిచి, సబ్బు నురగ పెట్టి వెంటనే ఆరబెట్టండి. నీళ్ళలో నానబెడితే వెనక గోనె ఉబ్బి బ్లాకు వంకర తిరుగుతుంది. నంబరు పెన్సిలుతో, ప్రింటు కింద ఎడమన 1/12 (పన్నెండులో మొదటిది), కుడిన సంతకం. ఒకటి రెండు మిగిలితే వాటి మీద ఏ.పీ. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్, అంటే కళాకారుడి సొంత కాపీ) అని రాయండి.