గంజాయి, నల్లమందు ఒకప్పుడు లైసెన్సు కొట్లలో అమ్మేవాళ్ళంట, మరి నేరం ఎప్పుడైంది?

గోదారిగట్టు:
మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో సారా కొట్టులాగే గంజాయి, నల్లమందుకి కూడా కొట్టు ఉండేదంట, వేలం పాడుకుని నడిపేవాళ్ళంట. ఇప్పుడేమో పేపర్ తెరిస్తే సీలేరు నుంచి వస్తున్న కారులో గంజాయి పట్టుకున్నారు అనే వార్తే. అంత మామూలుగా అమ్మినదాన్ని ఎందుకు ఆపేశారు? అమెరికా చెప్పిందని 1985లో రాత్రికి రాత్రి నిషేధించారని ఒక వీడియోలో చూశా, నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాతకాగితాలు:
తాతగారు చెప్పింది నిజమేనండి. ఈస్టిండియా కుంపిణీ వాళ్ళకి నల్లమందు కామధేనువు. బీహార్, బెనారస్ వైపు రైతుల చేత పండించి, పాట్నా, ఘాజీపూర్‌లలో ఉండలు కట్టించి, కలకత్తాలో వేలం వేస్తే అది చైనాకి పోయేది, చైనా వద్దని సరుకు ధ్వంసం చేస్తే 1839లో ఏకంగా యుద్ధానికి దిగారు. ఇక్కడ మనకేమో లైసెన్సు కొట్లు. గోదావరి ఏజెన్సీలో చలిజ్వరానికి మందని మింగేవాళ్ళు, కూలికెళ్ళే తల్లులు చంటిపిల్ల ఏడవకుండా పడుకోవాలని ఆవగింజంత నాకించేవాళ్ళు.

గంజాయి మీద 1893లో లండన్ పార్లమెంటులో గొడవైతే కమిషన్ వేశారు, వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి 1894లో రిపోర్టు ఇచ్చింది. అందులో పిచ్చాసుపత్రుల భాగం చదివి తీరాలి. గంజాయి తాగితే పిచ్చెక్కుతుందనడానికి అందరూ చూపించేది ఆ ఆసుపత్రుల లెక్కలే కదా, వీళ్ళు కేసు కేసు తిరగదోడి చూస్తే, పోలీసులు రోగిని తెచ్చి అప్పజెప్పేటప్పుడు కారణం అన్న చోట గంజాయి అని సరైన విచారణ లేకుండా నింపేసినవి బోలెడు తేలాయి! మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, పన్నేసి అదుపులో పెట్టండి అని తేల్చారు. సర్కారుకి ఆ పన్ను మీద ఆశ లేదని మాత్రం నేననను.

కోర్టుమెట్లు:
రాత్రికి రాత్రి ఏం కాదండి. 1961లో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం జరిగింది, దాన్ని అమెరికా గట్టిగా తోసిన మాట నిజమే. మన దేశం అప్పుడే పేచీ పెట్టి రెండు సాధించింది. ఒకటి, గంజాయి మాన్పించడానికి 25 ఏళ్ళ గడువు. రెండోది, పూతలేని ఉత్త ఆకుని, గింజల్ని లెక్కలోంచి తీసేయడం, కాశీలో ఈరోజుకీ లైసెన్సుతో ఆ ఆకుతో చేసే భంగు అమ్ముతున్నారంటే అందుకే.

ఆ గడువు దగ్గరపడుతుండగానే అఫ్గాన్, పాకిస్తాన్ వైపు నుంచి హెరాయిన్ మన మీదుగా పోవడం ఎక్కువైంది. అప్పటిదాకా ఉన్న 1930 నాటి మత్తుమందుల చట్టంలో మహా అయితే 3 ఏళ్ళ జైలు, రెండోసారి దొరికితే 4. అది చాలదని ఎన్డీపీఎస్ అనే కొత్త మాదకద్రవ్యాల చట్టం తెచ్చారు, 1985 నవంబర్ 14 నుంచి అమలు. కానీ హెరాయిన్‌కి కొద్దిగా దొరికినా బస్తా దొరికినా, సొంత వాడకానికే అని రుజువు చేసుకోలేకపోతే కనీసం పదేళ్ళు పెట్టేశారు, 2001 దాకా అంతే. ఇప్పుడు బరువుని బట్టి శిక్ష, గంజాయి 20 కేజీలు దాటితే కనీసం 10 ఏళ్ళు.

చింతపల్లిదారి:
ఆ 20 కేజీల లెక్క మా వైపు వచ్చి చూడండి సార్. డబ్బులు పెట్టేవాడు ఎక్కడో ఉంటాడు, వాడి మొహం కూడా మావాళ్ళు ఎరగరు, రాత్రిపూట అడవిదారిన మూట మోసి రోడ్డు మీద బండి దాకా చేర్చే కుర్రాడే దొరుకుతాడు, మూట బరువే 20 దాటుతుంది కాబట్టి వాడే పెద్ద స్మగ్లర్ కింద లెక్క. కాఫీ, మిరియాలు వేసుకోమంటారు, అవి కాపుకొచ్చేదాకా తినేదేంటి? గంజాయి మంచిదని నేననట్లేదు, మా పిల్లలు కూడా పాడైపోతున్నారు. కానీ మోసినోడికీ మోయించినోడికీ తేడా ఉండాలి కదా. బెయిల్ కూడా రాదు.

కోర్టుమెట్లు:
@చింతపల్లిదారి అవును అన్నా, ఆ బరువు దాటితే ఎన్డీపీఎస్ చట్టంలోని సెక్షన్ 37 అడ్డం పడుతుంది, ఇతను తప్పు చేసి ఉండడని జడ్జికి నమ్మకం కుదిరితేగానీ బెయిల్ రాదు. 2020 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకరమైన వాటి జాబితాలోంచి తీయడానికి 27-25తో ఓటు పడితే మన దేశం కూడా తీసేయమనే ఓటేసింది, ఇక్కడి శిక్షలు మాత్రం అలాగే ఉన్నాయి. మీ వైపు ఎవరైనా ఇరుక్కుంటే అప్పు చేసి లాయర్‌ని పెట్టుకోవద్దని చెప్పండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెడితే ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఎస్టీలకి ఆదాయం ఎంతని చూడరు. పట్టుబడిన వెంటనే వెళ్ళమనండి, తూకం, పంచనామా కాగితాలు అప్పుడే చూసుకోవాలి.