ఎల్బో పక్కనే మాగ్ మీటర్: చోటు మార్చాలా, ఎర్తింగ్ సరిచేస్తే చాలా?

లూప్‌చెకర్: 100 మి.మీ. మాగ్ మీటర్ (అయస్కాంత క్షేత్రంలో పారే నీటిలో పుట్టే వోల్టేజిని రెండు ఎలక్ట్రోడ్లతో పట్టి ఫ్లో కొలిచేది), హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపు లైను. ఎల్బో (పైపు వంపు) తర్వాత 300 మి.మీ.లోనే బిగించారు. పంపు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) మీద నడుస్తుంది. ఫ్లో గంటకు 30 ఘనపు మీటర్లు ఉండాలి, రీడింగ్ 26 నుంచి 34 మధ్య ఊగుతోంది. పంపు ఆపి రెండు వైపులా వాల్వులు మూసినా 2 చూపిస్తోంది. ఫుల్ స్కేల్ 60. ఏం చేయాలి?

పైపుమనిషి: మీటర్ ముందు 5డీ, వెనక 3డీ తిన్నని పైపు ఉండాలి (డీ అంటే పైపు వ్యాసం). మీకు 500 మి.మీ. కావాలి, 300 ఉంది. ముందు చోటు మార్చండి.

ఎర్త్‌పిట్: ఆ 5డీ ఎక్కడి నుంచి కొలవాలి? కొన్ని మాన్యువల్స్‌లో ఫ్లాంజ్ నుంచి, కొన్నింటిలో ఎలక్ట్రోడ్ల మధ్య రేఖ నుంచి. అదైనా తేల్చుకున్నాక పైపు కోయండి.

పైపుమనిషి: ఎలక్ట్రోడ్ నుంచి కొలిచినా సెన్సర్‌లో సగం పొడవే కలుస్తుంది, 100 మి.మీ. సైజులో అది మహా అయితే 125 మి.మీ. 425 అయిందనుకోండి, 500 అవుతుందా?

వాల్వ్‌కీ: డాంపింగ్ (రీడింగ్‌ను సగటు చేసి నెమ్మదింపజేసేది) 20 సెకన్లు, లో ఫ్లో కటాఫ్ (ఇంతకన్నా తక్కువ ఫ్లోను సున్నాగా చూపించే హద్దు) 10 శాతం పెట్టండి. అయిపోతుంది.

లూప్‌చెకర్: పెట్టాను. పంపు ఆపితే సున్నా. ఊగడం కూడా తగ్గింది. థాంక్స్ అన్నా.

ఎర్త్‌పిట్: ఏం అయిపోయింది? 60లో 10 శాతం అంటే 6. గంటకు 6 ఘనపు మీటర్ల లోపు ఫ్లో అంతా ఇక సున్నాయే. రాత్రి 4 చొప్పున 8 గంటలు పారితే 32 ఘనపు మీటర్లు టోటలైజర్‌లో (పారిన మొత్తం నీటి లెక్కలో) ఎక్కవు.

పైపుమనిషి గారూ, ఎల్బో వల్ల నీటి వేగం పైపులో ఒక పక్కకు ఒరుగుతుంది, సుడి తిరుగుతుంది. దానివల్ల రీడింగ్ కాస్త ఎక్కువగానో తక్కువగానో స్థిరంగా తప్పు చూపిస్తుంది. వాల్వులు మూసి, నీళ్లు కదలనప్పుడు ఎల్బో ఏం చేస్తుంది? ఆ 2 ఎల్బోది కాదు.

పైపుమనిషి: పంపు ఆగితే లైను ఖాళీ అయి ఎలక్ట్రోడ్లు బయటపడి ఉండొచ్చుగా. ఖాళీ పైపులో మీటర్ ఏమైనా చూపిస్తుంది.

ఎర్త్‌పిట్: అది న్యాయమైన మాట. అందుకే మీటర్ నిండుగా ఉంచి చూడాలి. నిలువు లైనులో పైకి పారేలా ఉంటే మంచిది. అడ్డం లైనులో ఎలక్ట్రోడ్లు పక్కలకే ఉండాలి. పైన ఉంటే గాలి, కింద ఉంటే బురద.

హెచ్‌డీపీఈ కరెంటు పారనివ్వదు కాబట్టి సెన్సర్ బాడీకి నీటితో విద్యుత్ సంబంధం ఉండదు. రెండు వైపులా ఎర్త్ రింగులు (నీటిని తాకే లోహపు రింగులు) వేయాలి. రింగు లోపలి రంధ్రం మీటర్ బోరుకు సమానంగా ఉండాలి, రెండు ముఖాలకూ గ్యాస్కెట్ పెట్టాలి, అది బోరులోకి పొడుచుకు రాకూడదు. గ్రాఫైట్ గ్యాస్కెట్ వద్దు, అరిగిన పొడి లైనర్ (మీటర్ లోపలి ఇన్సులేషన్ పొర) మీద కరెంటు పారే పొరలా అంటుకుంటుంది. రెండు రింగుల నుంచీ సెన్సర్ బాడీకి, అక్కడి నుంచి ఎర్త్‌కు రాగి తీగ వేయాలి. కాథోడిక్ ప్రొటెక్షన్ (లోహం తుప్పు పట్టకుండా చేసే విద్యుత్ ఏర్పాటు) ఉన్న లైనులో మాత్రం మాన్యువల్ చూడకుండా ముట్టుకోవద్దు.

పంపురూమ్: డోసింగ్ పాయింట్ (నీటిలో రసాయనం కలిపే చోటు) ఎక్కడ ఉంది?

లూప్‌చెకర్: ఎల్బోకు ముందు, 400 మి.మీ. దూరంలో.

పంపురూమ్: అదీ కారణం కావచ్చు. రసాయనం సరిగ్గా కలవకుండా ఎలక్ట్రోడ్ల ముందు నుంచి పోతే రీడింగ్ గెంతుతుంది. డోసింగ్ మీటర్ తర్వాత ఉండాలి. డాంపింగ్ 1 సెకను, కటాఫ్ సున్నా చేసి, డోసింగ్ పంపు 5 నిమిషాలు ఆపి చూడండి.

పైపుమనిషి: ఇన్ని చేస్తారు, ఎల్బో మాత్రం అక్కడే ఉంటుంది! మీటర్ ఎక్కడ సందు దొరికితే అక్కడ దూర్చి, తర్వాత ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లను తిట్టడం మామూలైపోయింది. రీడింగ్ స్థిరంగా 3 శాతం తప్పైతే మీకు ఫర్వాలేదా?

ఎర్త్‌పిట్: కంట్రోల్ లూప్‌కైతే (రీడింగ్‌ను బట్టి దానంతటదే సర్దుకునే ఏర్పాటుకైతే) ఫర్వాలేదు. స్థిరమైన తప్పుతో లూప్ నడుస్తుంది, ఊగే రీడింగ్‌తో నడవదు.

పైపుమనిషి: లూప్‌చెకర్, ఈ మీటర్ దేనికి?

లూప్‌చెకర్: రెండూ. డోసింగ్ దీని మీదే నడుస్తుంది, నెలాఖరున రెండు ప్లాంట్ల నీటి లెక్కా దీని టోటల్ ప్రకారమే పంచుకుంటారు.

పైపుమనిషి: ఇది మొదటి పోస్టులో చెప్పాల్సిన మాట.

ఎర్త్‌పిట్: లెక్క పంచుకోవాలంటే చోటు మార్చాల్సిందే, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు రింగులు వేయకుండా మార్చితే అదే 2 కొత్త చోటుకూ వెంట వస్తుంది.

లూప్‌చెకర్: కటాఫ్ తీసేశాను. వచ్చే షట్‌డౌన్‌లో రింగులు వేస్తాను. చోటు మార్చే కాగితం పైపింగ్ వాళ్లకు పంపాను.

పంపురూమ్: విప్పేముందు ఇప్పటి సున్నా రీడింగ్ రాసిపెట్టుకోండి. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లైనర్ అయితే ఫ్లాంజ్ మీదికి మడిచిన అంచు పైకి లేస్తుంది, విప్పగానే పలక పెట్టి బిగించండి. బోల్టులు ఎదురెదురుగా విడతలవారీగా బిగించి, 24 గంటల తర్వాత మళ్లీ టార్క్ చూడండి.

వాల్వ్‌కీ: కటాఫ్ 10 కాకుండా 2 శాతం పెడితే?

ఎర్త్‌పిట్: రింగులు వేశాక అడగండి.