డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎవరైనా అరెస్ట్ అయ్యారని తెలిస్తే కౌంటీ రికార్డు ఎక్కడ వెతకాలి?

రిచర్డ్‌సన్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థి:

అందరికీ నమస్తే. ఈ ఆగస్టులోనే మాస్టర్స్ కోసం వచ్చాను. మా పక్క ఫ్లాట్ అబ్బాయిని నిన్న రాత్రి కారు ఆపి పోలీసులు తీసుకెళ్లారట. ఫోన్ స్విచాఫ్ వస్తోంది. గుంటూరు నుంచి వాళ్ల నాన్నగారు గంటకోసారి నాకు ఫోన్ చేస్తున్నారు, ఆయనకు ఏం చెప్పాలో తెలియడం లేదు. ఏ స్టేషన్‌కి వెళ్లాలి? జైల్లో ఉన్నవాళ్ల పేర్లు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయని ఒకరన్నారు. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లే వస్తున్నాయి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ప్లేనో నుంచి జవాబు:

తమ్ముడూ, డబ్బులడిగే ఆ సైట్లన్నీ ముందు మూసెయ్. నీకు కావాల్సింది షెరిఫ్ ఆఫీసు సొంత పేజీ. అందులో వెతకడానికి పైసా ఖర్చు లేదు.

ఏ స్టేషన్ అని కాదు, ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది) అని ఆలోచించు. పట్టుకునేది సిటీ పోలీసులైనా, పెద్ద జైలు నడిపేది కౌంటీ షెరిఫ్. డల్లాస్ కౌంటీ జైలు డౌన్‌టౌన్ దగ్గర లూ స్టెరెట్ సెంటర్‌లో ఉంది. కాలిన్ కౌంటీది మెకిన్నీలో, డెంటన్ కౌంటీది డెంటన్ ఊళ్లోనే, టారెంట్ కౌంటీది ఫోర్ట్‌వర్త్‌లో. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఇక్కడి ఊళ్లు ఒకే కౌంటీలో ఒదిగి ఉండవు. మీ రిచర్డ్‌సన్ కొంత డల్లాస్ కౌంటీ, కొంత కాలిన్. ఫ్రిస్కో కాలిన్‌కీ డెంటన్‌కీ మధ్య ఉంది. కారల్టన్ అయితే మూడు కౌంటీల్లో ఉంది. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ డల్లాస్, టారెంట్ రెండింటి మీదా ఉంది. ఆ అబ్బాయి ఇల్లు ఎక్కడన్నది పక్కన పెట్టు, కారు ఎక్కడ ఆపారో కనుక్కో. అది తెలియకపోతే నాలుగు కౌంటీల పేజీలూ వరుసగా చూడు.

ఇంకో విషయం. చాలా నగరాలకు పోలీస్ స్టేషన్‌లోనే చిన్న జైలు ఉంటుంది. మొదటి కొన్ని గంటలు అక్కడే ఉంచి, తర్వాత కౌంటీకి పంపుతారు. పంపేదాకా కౌంటీ పేజీలో పేరు ఎక్కదు. కాబట్టి పేరు లేదంటే అరెస్ట్ కాలేదని కాదు. ఇంకా ఎక్కించలేదేమో, లేదా సిటీ జైలు నుంచే వదిలేశారేమో. ఆ నగర పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేసి, ఫలానా పేరు, ఫలానా పుట్టిన తేదీ, మీ దగ్గర ఉన్నాడా అని అడుగు. 911కి చేయకు.

పేజీలో దొరికితే బుకింగ్ నంబర్ (జైల్లో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబర్) రాసుకో. లాయరైనా, బాండ్ (బెయిల్) కంపెనీవాళ్లైనా, జైలు ఆఫీసువాళ్లైనా ముందు అడిగేది అదే. దాంతోపాటు ఏ అభియోగం, బాండ్ ఎంత అన్నవి సాధారణంగా ఉంటాయి. బాండ్ చోట ఖాళీ ఉంటే ఇంకా మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లలేదని అనుకోవచ్చు. టెక్సస్ చట్టం ప్రకారం అరెస్ట్ చేసిన 48 గంటల్లోపు తీసుకెళ్లాలి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టే లాయర్‌ని ఇస్తుంది. దానికి వీసాతో సంబంధం లేదు, అక్కడ అడగాలంతే.

వాళ్ల నాన్నగారికి నువ్వు కళ్లతో చూసింది మాత్రమే చెప్పు. "మీవాడు ఫలానా జైల్లో ఉన్నాడు, జడ్జి ముందుకు వెళ్లాక బాండ్ తెలుస్తుంది" అన్నా ఆయనకు ఊపిరి తిరుగుతుంది. ఎందుకు పట్టుకున్నారో ఊహించి చెప్పకు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ మాత్రం ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకు, దయచేసి. అక్కడ రాసింది పోలీసుల ఆరోపణ. ప్రాసిక్యూటర్ దాన్ని తగ్గించవచ్చు, మార్చవచ్చు, అసలు కేసే వద్దనవచ్చు. ఆ తర్వాత కూడా మన గ్రూపుల్లో ఆ ఫొటో తిరుగుతూనే ఉంటుంది, ఊళ్లో చెల్లెలి పెళ్లి సంబంధం దాకా వెళుతుంది. రికార్డు పబ్లిక్‌గా ఉంచింది మనిషిని ప్రభుత్వం చప్పుడు లేకుండా ఎక్కడో దాచేయకుండా. దాన్ని ఆ పనికే వాడుకుందాం.

ఇర్వింగ్ నుంచి:

పేర్ల సంగతి నేను చెబుతాను బాబూ, మనవాళ్లు దొరకకపోవడానికి సగం కారణం అదే. ఆ పేజీలన్నీ లాస్ట్ నేమ్‌తో మొదలవుతాయి. మనకేమో ఇంటిపేరు ముందు రాసే అలవాటు. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఇంకో గడిలో ఉంటుంది. అలాంటివాళ్లకు వీసాలో మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడి, పేరంతా లాస్ట్ నేమ్‌లోకి వెళుతుంది. డ్రైవింగ్ లైసెన్స్‌లోనూ అలాగే వస్తుంది, పోలీసులు రాసుకునేది అదే. కాబట్టి ఇంటిపేరుతో వెతుకు, తర్వాత తిరగేసి వెతుకు, తర్వాత పేరులో ఒక్కో ముక్కను లాస్ట్ నేమ్‌గా పెట్టి వెతుకు. పేజీ ఒప్పుకుంటే మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టు, ఎందుకంటే పొడుగు పేర్లు చివర తెగిపోతాయి. లక్ష్మి, శ్రీనివాస్ లాంటి పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ రెండు మూడు రకాలుగా ప్రయత్నించు.

పుట్టిన తేదీ అంటే పుట్టినరోజు కేక్ కోసే తేదీ కాదు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీ. పాస్‌పోర్ట్‌లో ఉండేది అదే. ఇక్కడ నెల ముందు రాయాలి, అది కూడా చూసుకో. కొన్ని కౌంటీల పేజీల్లో జాతి కూడా అడుగుతారు. ఏషియన్ అని పెట్టి దొరక్కపోతే మార్చి చూడు, అది ఆఫీసర్ చూసి రాసుకున్నదే అయి ఉండొచ్చు.

ఫోర్ట్‌వర్త్ నుంచి:

కౌంటీ పేజీలో ఎంత వెతికినా దొరకనివాళ్లు ఇంకో చోట ఉండవచ్చు. ఇమిగ్రేషన్‌వాళ్లు పట్టుకుంటే అది ఐసీఈ (ఇమిగ్రేషన్ పోలీసులు) కస్టడీ. వాళ్లకు వేరే డిటైనీ లొకేటర్ (పట్టుకున్నవాళ్లు ఎక్కడున్నారో వెతికే ఆన్‌లైన్ పేజీ) ఉంది. ఏ-నంబర్ (A-Number, ఇమిగ్రేషన్‌వాళ్లు మనిషికి ఇచ్చే నంబర్)తో గానీ, పేరుతో గానీ, పుట్టిన దేశం కలిపి వెతకాలి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే నకిలీ యూనివర్సిటీ కేసులో మొదట్లోనే దాదాపు 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. ఒకరిద్దరు తప్ప అందరూ భారతీయులే, వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. తల్లిదండ్రులు ఏ జైలో తెలియక అల్లాడిపోయారు. ఆ లొకేటర్ సంగతి అందరికీ తెలిసి ఉండాలని నేను పదేపదే చెప్పేది అందుకే.

కౌంటీ పేజీలోనే అభియోగాల కింద ఐసీఈ హోల్డ్ (వదిలే ముందు మాకు అప్పగించండి అని ఐసీఈ పెట్టే కోరిక) అని కనిపిస్తే, బాండ్ కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. బాండ్ కట్టగానే ఇంటికి రాకుండా అటునుంచి అటే ఐసీఈ చేతికి వెళ్లవచ్చు.

భారత కాన్సులేట్‌కి కబురు దానంతటదే వెళుతుందనుకోకండి. కొన్ని దేశాల పౌరులైతే తప్పకుండా తెలపాలి, భారత్ ఆ జాబితాలో లేదు. కాన్సులేట్‌కి చెప్పమని లోపలున్న మనిషే అడగాలి. 1963 వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. టెక్సస్‌కి హ్యూస్టన్ కాన్సులేట్.

రిచర్డ్‌సన్ విద్యార్థి:

అన్నయ్యా, అక్కా, అందరికీ చాలా థ్యాంక్స్. కాలిన్ కౌంటీలో దొరికాడు. కారు ఆపింది ప్లేనోలోనట. ఇర్వింగ్ అక్క చెప్పినట్టే ఇంటిపేరు మొదటి పేరుగా, అసలు పేరు లాస్ట్ నేమ్‌గా ఉంది. డీడబ్ల్యూఐ (తాగి కారు నడపడం) అని రాశారు. ఐసీఈ హోల్డ్ ఏమీ లేదు. ఇందాకే ఫోన్ చేశాడు, బాగానే ఉన్నాడు. ఫ్రెండ్స్ అందరం బాండ్‌కి డబ్బులు పోగు చేస్తున్నాం. కేసు అయిపోతే ఈ రికార్డు చెరిగిపోతుందా అని వాళ్ల నాన్నగారు అడుగుతున్నారు.

ప్లేనో నుంచి మళ్లీ:

దొరికాడు, సంతోషం. మళ్లీ ఫోన్ చేస్తే కేసు గురించి ఒక్క మాట మాట్లాడవద్దని చెప్పు. జైలు ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదనుకోవద్దు, అనువాదం చేయించడం వాళ్లకు పెద్ద పని కాదు. ఎంత తాగాడు, ఎవరున్నారు అన్నవి లాయర్‌తోనే.

బాండ్ రెండు రకాలుగా కట్టవచ్చు. మొత్తం క్యాష్‌గా కౌంటీకి కడితే, అతను కోర్టు తేదీలన్నిటికీ వెళితే కేసయ్యాక తిరిగి వస్తుంది, కొద్దిగా ఫీజు పోవచ్చు. బాండ్ కంపెనీ ద్వారా అయితే సుమారు పది శాతం తీసుకుంటారు, అది ఇక రాదు. షెరిఫ్ ఆఫీసు నుంచి అని ఎవరైనా ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొను, జెల్ (Zelle యాప్)లో డబ్బు పంపు అంటే ఫోన్ పెట్టేయ్. బుకింగ్ వివరాలు అందరికీ కనిపిస్తాయి కాబట్టి మోసగాళ్లకూ కనిపిస్తాయి.

రికార్డు సంగతి ఆయనకు నిదానంగా చెప్పు. జైలు పేజీ నుంచి పేరు పోవడం వేరు, రికార్డు పోవడం వేరు. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్లిపోయాయి. మొదటిసారి డీడబ్ల్యూఐ మామూలుగా మిస్‌డిమీనర్ (చిన్న నేరం), ఆ కేసు కాగితాలు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. ఫెలొనీ (పెద్ద నేరం) అయితే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. కేసు ఎలా ముగిసినా, ముగిసిన రోజే ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకోమను. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్ట్ అయ్యారా అని అడుగుతారు, శిక్ష పడిందా అని మాత్రమే కాదు. గ్రీన్ కార్డ్ ఫారంలోనూ అంతే. కేసు కొట్టేస్తే టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్‌కి (రికార్డు చెరిపేయమని కోర్టును కోరడం) వెళ్లవచ్చు, కానీ దానికి ముందే కాపీలు దగ్గర ఉండాలి. రికార్డు చెరిపేశాక ఇమిగ్రేషన్‌వాళ్లు అడిగితే తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు.

డిఫర్డ్ అడ్జుడికేషన్ (నేరం ఒప్పుకుంటే తీర్పు వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు ముగించడం) ఇస్తామంటే వెంటనే తలూపొద్దని చెప్పు. టెక్సస్ దాన్ని శిక్షగా లెక్కపెట్టకపోయినా, నేరం ఒప్పుకున్నందుకు ఇమిగ్రేషన్ చట్టం శిక్షగానే చూస్తుంది. 2010లో పాడిల్లా కేసులో సుప్రీం కోర్టు చెప్పిన ప్రకారం ఇలాంటి పర్యవసానాలు చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయర్‌దే. అయినా ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా విడిగా అడగాలి. డీడబ్ల్యూఐ అరెస్ట్‌తోనే, శిక్ష పడకముందే, వీసా రద్దయినట్టు కాన్సులేట్ నుంచి ఈమెయిల్ రావచ్చు. దాంతో ఇక్కడి స్టేటస్ దానంతటదే పోదు గానీ, దేశం దాటితే కొత్త వీసా కావాలి. కాబట్టి ఈ సంక్రాంతికి ఊరికి టికెట్ బుక్ చేసుకుని ఉంటే, లాయర్‌ని అడగకుండా విమానం ఎక్కవద్దు. 2025 వసంతంలో విద్యార్థుల పేర్లను పోలీసు డేటాబేస్‌తో పోల్చి వేలమంది సెవిస్ (విదేశీ విద్యార్థుల స్టేటస్ నమోదు చేసే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఆపేశారు. కేసు కొట్టేసినవాళ్లవి కూడా అందులో ఉన్నాయి. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ చివర వెనక్కి పెట్టడం మొదలుపెట్టారు. ఆ సర్టిఫైడ్ కాపీల కోసం ఇంత పట్టుబట్టేది అందుకే.

అన్నిటికంటే తొందర పని లైసెన్స్. బ్రెత్ టెస్ట్ ఫెయిలైనా, వద్దన్నా, లైసెన్స్ సస్పెండ్ చేస్తామని నోటీసు కాగితం ఇస్తారు. దాని మీద హియరింగ్ అడగడానికి 15 రోజులే గడువు. విడుదలయ్యాక జైలువాళ్లు తిరిగిచ్చిన కవర్లో ఆ కాగితం ఉందేమో ఇద్దరూ కలిసి వెతకండి, తేదీ చూసి రేపే లాయర్‌కి ఫొటో పంపండి.