పని షెన్‌జెన్‌లో, ఇల్లు ఊళ్లో: చైనా వలస కార్మికులది తెలివా, గత్యంతరం లేకా?

నల్లరేగడి:
చైనాలో పొలం వదిలి వేరే పనుల్లోకి వెళ్లిన పల్లెవాళ్లు దాదాపు 30 కోట్లు. దూరపు నగరాలకు పోయినవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుని, మిగిలిందంతా ఊళ్లో మూడంతస్తుల మేడకి పోస్తారు. తాము మాత్రం ఫ్యాక్టరీ హాస్టల్లో బంకు మంచం మీద. మేడలో ఉండేది ముసలి అమ్మానాన్నలు, వాళ్లూ కింది గదిలోనే. ఊరి స్థలం గ్రామ ఉమ్మడి ఆస్తి కాబట్టి ఆ ఇంటిని పట్నంవాళ్లకి అమ్మనివ్వరు. నన్నడిగితే అది డబ్బు గోడల్లో పాతిపెట్టడమే. పనిచేసే చోటే చిన్న ఫ్లాటుకి అడ్వాన్సు కట్టుకోవచ్చు కదా?

కొల్లేటికొంగ:
కట్టుకోవచ్చు అనడం తేలికే. బీజింగ్‌లో 2011 నుంచి స్థానిక హుకౌ, అంటే ఆ ఊరి కుటుంబ నమోదు, లేనివాళ్లు ఇల్లు కొనాలంటే వరసగా ఐదేళ్లు అక్కడ సోషల్ ఇన్సూరెన్సో ఆదాయపు పన్నో కట్టినట్టు చూపించాల్సి వచ్చేది. మేస్త్రీ దగ్గర కూలికి పోయేవాడికి ఇన్సూరెన్సు ఎవడు కడతాడండీ? 2024లో సడలించారు, అదీ మార్కెట్ పడిపోయాక.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1998 ప్రాంతంలో ప్రభుత్వ సంస్థల క్వార్టర్లను అందులో ఉంటున్న పట్నం ఉద్యోగులకే చవగ్గా అమ్మేశారు. చాలా కుటుంబాల ఆస్తికి పునాది అదే. పల్లెవాడికి ఆ పంక్తిలో విస్తరే వెయ్యలేదు.

సీమబిడ్డ:
మా రాయచోటి వైపు కువైట్ పోయినవాళ్లూ ఇంతే కదా సార్. అక్కడ ఒక గదిలో పదిమంది, ఇక్కడ మేడ. దీనికి చట్టాలతో పనేముంది, నలుగురిలో పరువు!

కొల్లేటికొంగ:
తమ్ముడూ, కువైట్‌లో మనవాడు పరాయి దేశస్థుడు. వీళ్లు సొంత దేశంలోనే అలా బతుకుతున్నారు, అసలు గొడవ అది.

రాత్రిడ్యూటీ:
నేను ఎల్‌ఈడీ సామాన్లు కొనే పని మీద దక్షిణ చైనాలోని ఫ్యాక్టరీల నగరం షెన్‌జెన్‌లో కొంతకాలం ఉన్నాను. అక్కడ నగరం చుట్టుముట్టేసిన పాత ఊళ్లున్నాయి. ఇళ్లు ఎంత దగ్గరంటే కిటికీలోంచి చెయ్యి చాపి ఎదురింటివాడికి షేక్‌హ్యాండ్ ఇవ్వొచ్చు. మా గోడౌన్ డ్రైవరు గది అలాంటిదే: పట్టపగలు ట్యూబ్‌లైటు, కిటికీ ఊచలకి ఆరేసిన బట్టలు, మంచం కింద రైస్ కుక్కర్. తన సొంత రాష్ట్రం హునాన్‌లో కట్టిన ఇంటి ఫొటో ఫోన్లో చూపించాడు. ముందంతా మెరిసే టైల్స్, పై రెండంతస్తులు ఉత్త సిమెంటు, కిటికీలు కూడా పెట్టలేదు.

ఆ అద్దె గదికి కూడా భరోసా లేదు. బైషిజౌ అనే అలాంటి పేటలో లక్షన్నర మంది దాకా ఉండేవారు. 2019లో పునర్నిర్మాణం పేరుతో ఖాళీ చేయించారు. పరిహారం స్థలాల సొంతదార్లకి, అద్దెవాళ్లకి సామాను సర్దుకోవడానికి గడువు. బీజింగ్‌లో 2017 నవంబరులో డాషింగ్ అగ్నిప్రమాదంలో 19 మంది చనిపోతే, ఆ వంకతో ఎముకలు కొరికే చలిలో వేల మందిని వీధిలోకి నెట్టారు. ఊళ్లో ఇల్లు లేనివాడు ఆ రాత్రి ఎక్కడికి పోవాలి?

నల్లరేగడి:
బాధ అర్థమైంది. కానీ 2019లో 30 లక్షల లోపు జనాభా ఉన్న నగరాల్లో హుకౌ ఆంక్షలు తీసెయ్యాలన్నారుగా. మరి అందరూ ఎగబడి తీసుకోలేదేం? ఊరి మీద మమకారం వదలడం లేదని ఒప్పుకోవచ్చు కదా.

రాత్రిడ్యూటీ:
మమకారం కాదండీ, లెక్క. జీతాలు బాగా దొరికే పెద్ద నగరాల్లో తలుపు ఇంకా సగమే తెరిచారు. హుకౌ మార్చుకున్నా పొలం లాక్కోకూడదని చట్టంలో రాశారు, నిజమే. కానీ కాగితాన్ని నమ్మి భూమి మీద హక్కుని పణంగా పెట్టేది ఎవరు? పైగా చాలాచోట్ల 60 దాటిన మగవాళ్లని నిర్మాణ పనుల్లోకి రానివ్వరు. పల్లెల్లో పింఛను నెలకి రెండొందల యువాన్లకి అటూ ఇటూ. దాంతో షెన్‌జెన్‌లో అద్దె కాదు కదా, కరెంటు బిల్లు కట్టుకుని తిండి తినడమే కష్టం.

సీమబిడ్డ:
నగరం, పల్లె తప్ప ఇంకేమీ లేనట్టు మాట్లాడుతున్నారు. చాలామంది ఇప్పుడు కొనేది సొంత జిల్లా కేంద్రంలో ఫ్లాటు. పిల్లల బడి కోసం, అంతకంటే ముందు కొడుకు పెళ్లి కోసం. ఫ్లాటు లేనిదే పిల్లనివ్వరట. అందులోనూ దెబ్బ తిన్నారు: 2022 జూలైలో పూర్తికాని అపార్టుమెంట్ల వాళ్లు ఈఎంఐలు కట్టేది లేదని మొండికేశారు, గుర్తుందా?

నల్లరేగడి:
గుర్తుంది. అయినా నా ప్రశ్న పెద్దవాళ్ల గురించి కాదు. నాగలి పట్టని, ఊళ్లో పండక్కి తప్ప ఉండని వాళ్ల పిల్లలు ఆ మూడో అంతస్తుకి కిటికీలు పెట్టిస్తారా?

కొల్లేటికొంగ:
పెట్టించరు. షెన్‌జెన్‌లో కొననూ లేరు. ముందు వాళ్లని, హుకౌ లేదనే వంక పెట్టకుండా, తల్లిదండ్రులు పనిచేసే చోట సర్కారు బడిలో చేర్చుకోమనండి, ఫ్లాటు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.