కమ్యూనికేషన్స్ హెడ్ ఎవరి కింద ఉండాలి?

ప్రశ్న: పెద్ద కంపెనీలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్ (కంపెనీ తరఫున పత్రికలతో, జనంతో మాట్లాడే పని), పబ్లిక్ అఫైర్స్ (ప్రభుత్వంతో, చట్టాలతో వ్యవహారాలు) రెండూ చూసే వ్యక్తిని మార్కెటింగ్ హెడ్ కింద పెడితే నష్టమేంటండీ?

జవాబు 1: గొడవ వచ్చిన రోజున తెలుస్తుంది. మార్కెటింగ్‌కి అమ్మకాల లెక్క ముఖ్యం, ఈ పనికి నమ్మకం ముఖ్యం. సరుకు వెనక్కి పిలవాలా వద్దా అని తేల్చేటప్పుడే ఈ మనిషి గదిలో ఉండాలి. తేలాక పిలిచి "ప్రెస్ నోట్ రాయండి" అంటే మిగిలేది టైపింగే. 1982లో అమెరికాలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. ఆ మందు కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. జనం గుర్తుపెట్టుకున్నది ఆ పనినే, ప్రకటనలోని మాటల్ని కాదు.

జవాబు 2: పై మాటకి తోడు, తొలి ప్రకటన ముసాయిదా ముందే సిద్ధంగా ఉండాలి. నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఏం చేస్తున్నాం, బాధితులు ఎవర్ని సంప్రదించాలి, మళ్లీ ఎన్నింటికి చెప్తాం. కారణం మాత్రం ఊహించి రాయొద్దు, రేపు మార్చుకోవాల్సి వస్తే మొదటికే మోసం. ఆమోదానికి సీఈఓ, లీగల్ ఇద్దరే. ఎనిమిదిమంది చేతులు మారితే సాయంత్రమైపోతుంది, ఈలోగా ఉద్యోగులు టీవీలో చూసి తెలుసుకుంటారు. లిస్టెడ్ కంపెనీ అయితే షేరు ధరని కదిలించే సమాచారం విలేకరి చెవిన ముందు వేయకూడదు, స్టాక్ ఎక్స్చేంజీకి వెళ్లాకే.

జవాబు 3: పబ్లిక్ అఫైర్స్ సంగతి వేరండీ. బిల్లు ముసాయిదా దశలోనే, ఏ క్లాజుకి ఏ పదం మార్చాలో ఒక్క పేజీలో ఇవ్వాలి. అధికారికి ఒకటి, పత్రికకి ఇంకోటి చెప్తే దొరికిపోతారు. రెండు పనులూ ఒకరి చేతిలో ఉండాలనేది అందుకే.